నటస్య, నటాత్: నాటకశాఖలయందలి యాచార్యులును పరిజనమును

పాణినీయమునఁ బ్రథమాధ్యాయ చతుర్థపాదమందలి యిరువదితొమ్మిదవ సూత్రము అపాదానసంజ్ఞను విధించు సూత్రములలో నొకటి. ఎవనివలన విద్య గ్రహింపఁబడునో వాఁడు, ఆ గ్రహణము ‘ఉపయోగ’మైనపుడు, అపాదానమగునని దాని తాత్పర్యము. ఉపాధ్యాయునివలనఁ జదువుకొనునపుడు ‘ఉపాధ్యాయాత్’ అని పంచమి వచ్చును. నటునివద్ద వినునపుడు ఆ పంచమి రాదు. ‘నటస్య’ అని షష్ఠియే నిలుచును. సూత్రమున ఉపయోగశబ్ద మెందులకని ప్రశ్నించుకొని పతంజలి చూపిన ప్రత్యుదాహరణములు రెండే. ఒకటి నటునిది, రెండవది కథలు చదివి వినిపించు గ్రంథికునిది. పాఠశాలలలో నీ సూత్రమును జెప్పు పండితులు ప్రత్యుదాహరణమును జూపి ముందునకుఁ బోవుదురు. విద్యార్థియు షష్ఠి యని వ్రాసికొని తృప్తిపడును. కాని విశ్వవిద్యాలయములలో నాటకశాఖలు వెలసి, నటులు ఆచార్యపీఠముల నెక్కిన యీ కాలమున ఈ భేదము వట్టి విభక్తిచర్చ కాదు. ఎవరిని నాటకశాఖలో నధ్యాపకునిగా నియమింపవచ్చును, ఎవరిని గూడదు అను వివాదమంతయు ఆ రెండు రూపముల నడుమనే యున్నది.

భాష్యమునఁ బూర్వపక్షి అంత సులభముగా విడిచినవాఁడు కాఁడు. నటునివద్ద వినుటయు నుపయోగమే గదా, ఆరంభించువారు నటునివద్ద వినుటకే రంగమునకుఁ బోవుచున్నారు గదా యని యతని యాక్షేపము. పతంజలి దీనికి రెండు సమాధానము లిచ్చెను. అన్నియు నుపయోగములే యగుఁగాక. విశేషించి యా మాట వాడుటచేత శ్రేష్ఠమైన యుపయోగమునే గ్రహింపవలెను, గ్రంథమును దాని యర్థమును రెంటిని బట్టుకొన్నదే శ్రేష్ఠము అనునది మొదటిది. నియమపూర్వకమైన గ్రహణమే యుపయోగమనునది రెండవది. ఈ రెంటిలో నెచ్చటను నటుఁడు నటుఁడగుటచేతనే ఉపాధ్యాయుఁడు కాఁజాలఁడని లేదు. లోపము మనిషియందుఁ గాదు, నేర్చుకొను రీతియందున్నది.

ఈ వ్యాఖ్య సాహసము కాదనుటకు పాణినియే సాక్షి. చతుర్థాధ్యాయ తృతీయపాదమున నూటపదియవ సూత్రమును, దాని తరువాతి సూత్రమును గలిపి చూచిన, శిలాలి చెప్పిన నటసూత్రముల నధ్యయనము చేయువారు ‘శైలాలినః’ అనియు, కృశాశ్వుఁడు చెప్పినవానిని జదువువారు ‘కృశాశ్వినః’ అనియు వ్యవహరింపఁబడిరని తేలుచున్నది. అందును శిలాలి నటసూత్రములను పారాశర్యుని భిక్షుసూత్రములతో నొకే సూత్రమునఁ గూర్చెను. సన్న్యాసుల శాస్త్రమును నటుల శాస్త్రమును ఒకే పంక్తిని గూర్చుండఁబెట్టిన మహర్షికి నటవిద్యపై నీచభావ ముండెననుట చెల్లదు. ఆ గ్రంథములు మనకు దక్కలేదు. దక్కినది వానిని జదివినవారి పేరు మాత్రమే. గ్రంథము నశించి విద్యార్థుల పేరు నిలిచిన విద్య మఱియొకటి గలదో లేదో కాని, సూత్రములు, వాని ప్రవక్త, వానిని నియమముతో నధ్యయనము చేయు శిష్యగణము, ఈ మూఁడును గూడినచోట శాఖ యున్నదనుటకు వైయాకరణునికి వేఱు ప్రమాణ మక్కఱలేదు.

ఈ రెండు స్థితులును, వట్టి వినుటయు నియమముతోఁ జదువుటయు, ఎట్లుండునో తెలిసికొనుటకుఁ గోనసీమ మంచి క్షేత్రము. అల్లవరము అమలాపురమునకు దక్షిణపుదిక్కున, వైనతేయ గోదావరి సముద్రమునఁ గలియు నోడలరేవునకు సమీపమున నున్న గ్రామము. నేఁడు 2022లో నేర్పడిన కోనసీమ జిల్లాలో నొక మండలమునకు ముఖ్యస్థానము. ఈ ప్రాంతపు గ్రామములలో సుబ్రహ్మణ్యషష్ఠి వచ్చినను, సంక్రాంతి వచ్చినను, తీర్థమనఁగా రాత్రి నాటక ముండుట పరిపాటి. కొబ్బరితోఁటల నడుమ పందిరి వేసి, బల్లలు పఱచి వేదిక కట్టుదురు. తిరుపతి వేంకటకవుల పాండవనాటకములలోని రాయబారఘట్టమో, బలిజేపల్లి లక్ష్మీకాంతకవి హరిశ్చంద్రునిలోని కాటిసీనో జరుగును. హార్మోనియమువాఁడు శ్రుతి పట్టును, పాత్రధారి పద్య మెత్తుకొనును, రాగము సాగును, ‘ఒన్సుమోర’ను కేక పడును. ముందువరుసలో గోనెపట్టాపైఁ గూర్చున్న పిల్లవాఁడు తెల్లవాఱులోపల నాలుగు పద్యములు రాగముతోఁ బట్టుకొని యింటికిఁ బోవును. ఇది ‘నటస్య’ అనఁదగిన విద్య. ఇందుఁ గొఱత యేమని యడిగిన, కంఠమునఁ గాదు, జ్ఞాపకమునఁ గాదు. ఆ పద్యమును ఆ శ్రుతిలోనే యేల పాడవలెనో, ఏ పదముకడ విఱువవలెనో, కాకువు మాఱినచో నర్థ మేమగునో ఆ పిల్లవానికిఁ జెప్పినవాఁడు లేఁడు. శబ్దవర్ధకయంత్రములు లేనినాఁడు దూరమున నున్నవానికి వినఁబడుటకై నటులు పై శ్రుతిలోఁ బాడిరి. యంత్రము వచ్చి నోటి కెదురుగా నిలిచిన తరువాతఁ గూడ శ్రుతి దిగలేదు. కారణము తెలిసియుండినచో దిగెడిది. కారణము చెప్పుటయే అర్థగ్రహణము. పతంజలి శ్రేష్ఠోపయోగమన్న దదియే.

ఆ పిల్లవాఁడు పెరిగి నాటకమును నియమముతోఁ జదువఁదలఁచినచో నెచ్చటికిఁ బోవలెను? 1951లో వెలసిన కోనసీమ భానోజీ రామర్సు కళాశాల అమలాపురముననే కలదు, అందు బి.ఏ. ముగించి, నాటకశాఖకై విశాఖపట్టణమునకో హైదరాబాదునకో పోవుట పరిపాటి. విశాఖపట్టణపు ఆంధ్రవిశ్వకళాపరిషత్తు 1926లో బెజవాడలోఁ బుట్టి, 1930లో వాల్తేరునకుఁ దరలినది. అచ్చట నాటకవిద్యకుఁ బునాది పడిన విధము విచిత్రమైనది. ప్రయోగాత్మక రంగస్థల మనుపేర నాటకప్రదర్శనలను, అంతఃకళాశాలల నాటికాపోటీలను నిలిపి, తెలుగున ఏకాంకికలు వ్రాయువారికిఁ బ్రదర్శించువారికి నొక తరముపాటు ఆశ్రయ మిచ్చినవారిలో ముఖ్యు లిరువురు: కె.వి. గోపాలస్వామిగారు, అబ్బూరి రామకృష్ణారావుగారు. మొదటివారు విశ్వవిద్యాలయపు రిజిస్ట్రారు. రెండవవారు గ్రంథాలయాధికారి. నేఁటి కార్యాలయపరిభాషలో నిరువురును బోధనేతరులే! తెలుగు విశ్వవిద్యాలయములలో నాటకమునకుఁ దొలిపీఠము వేసినవారు తరగతిగదిలోఁ బాఠము చెప్పుటకై నియమితులైనవారు కారనుట, శాఖాచరిత్రలు వ్రాయువారు గుర్తింపవలసిన విషయము. రిజిస్ట్రారుచేత ధనమును అనుమతియు, గ్రంథాలయాధికారిచేత దేశదేశముల నాటకములు నుండెను. పాఠ్యక్రమము తరువాత వచ్చినది.

ఇట్టిదే పరదేశమునందును జరిగినది. అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయమున జార్జి పియర్సు బేకరు 47వ సంఖ్యగల పాఠముగా నాటకరచన నేర్పుచు, దానికి ‘వర్క్‌షాపు’ అను ప్రయోగశాల నొకదానిని జతపఱచెను. యూజీను ఓనీలు ఆయన శిష్యుఁడే. నాటకమును వ్రాయించిన సరిపోదు, కట్టించి, కుట్టించి, దీపము వేయించి, ప్రేక్షకుల యెదుట నిలుపవలెనని బేకరు కోరిక. హార్వర్డు ఆయనకు రంగశాల నీయలేదు. 1925లో ఆయన యేలు విశ్వవిద్యాలయమునకు మాఱెను; అచ్చట దాత యొకఁడు రంగశాలకు ధన మిచ్చెను. ఆచార్యుఁ డొకఁడు వేఱు జీతముకొఱకుఁ గాక వడ్రంగిపనిశాలకొఱకు విశ్వవిద్యాలయము మాఱుట చరిత్రలో నరుదు. అంతకుముందే 1914లో పిట్స్‌బర్గునందలి కార్నెగీ సంస్థ నాటకమునఁ బట్టము నిచ్చుట కారంభించినది. ఇంగ్లండున మొదటి నాటకశాఖ బ్రిస్టలులో 1947లోఁ గాని యేర్పడలేదు; షేక్స్పియరు పుట్టిన దేశమున నింత యాలస్యమైనదని యాశ్చర్యపడనక్కఱలేదు, కాళిదాసు పుట్టిన దేశమున జాతీయనాటకవిద్యాలయము ఢిల్లీలో 1959లోఁ గదా వచ్చినది. తెలుగుదేశమున 1985లోఁ దెలుగు విశ్వవిద్యాలయమును, 1988లో హైదరాబాదు విశ్వవిద్యాలయమున సరోజినీనాయుడుగారి పేర లలితకళల పాఠశాలయు వచ్చి, నాటకశాఖలకుఁ జోటు కలిగించినవి. సరోజినీనాయుడుగారి గృహమైన ‘గోల్డెన్ థ్రెషోల్డు’ ఆ పాఠశాలకుఁ దొలినిలయమైనది.

ఇఁక శాఖలో నెవరెవ రుండవలెనను విషయమునకు వత్తము. భరతుని నాట్యశాస్త్రమున ముప్పదియైదవ యధ్యాయమున (కొన్ని ప్రతులలో సంఖ్య మాఱును) నాట్యబృందమందలి వారి పట్టిక యున్నది. భరతుఁడు, విదూషకుఁడు, తౌరిపుఁడు, నటుఁడు, సూత్రధారుఁడు, నాటకకారుఁడు, అటుపిమ్మట ముకుటకారుఁడు, ఆభరణకృత్తు, మాల్యకృత్తు, వేషకరుఁడు, చిత్రకారుఁడు, రజకుఁడు, కారుకుఁడు, కుశీలవుఁడు. తౌరిపుఁడు వాద్యములన్నింటియందు నేర్పరి. మాల్యకృత్తు పూలదండలు గట్టువాఁడు. కారుకుఁడు కఱ్ఱ, ఱాయి, లోహము, లక్క వీనితోఁ బనిచేయువాఁడు. తీర్థములలో వేదిక కట్టువానిని, సీనులు నిలువఁబెట్టువానిని ఇతని వంశీయులనవచ్చును. ఈ పట్టికలో గమనింపవలసినది వరుస కాదు, గీఁత లేకపోవుట. సూత్రధారునకుఁ గారుకునకు నడుమ ఇచ్చటివఱకు బోధకులు, ఇచ్చటినుండి యితరులు అని భరతుఁడు గీఁత గీయలేదు. అందఱును నాట్యమును భరించువారే.

రజకశబ్దముకడ నొక్కింత యాగవలెను. వస్త్రములకు రంగు లద్దువాఁ డిచ్చట రజకుఁడు. రంజధాతువుపైఁ బుట్టిన మాట యిది. పాణిని షష్ఠాధ్యాయ చతుర్థపాదమున నిరువదియేడవ సూత్రముచేత ఘఞ్ ప్రత్యయము పరమగునపుడు, భావకరణార్థములందు మాత్రమే, ఈ ధాతువు నకారమునకు లోపము విధించెను. కావున భావకరణములందు ‘రాగము’ అగును. అధికరణమున లోపము లేదు. జను లనురక్తులగు చోటు గనుక ‘రంగము’. గాయకుని రాగము, నటుని రంగము, బట్ట కద్దకపువాఁడైన రజకుఁడు, ఈ మూఁడు నొకే ధాతువు సంతానము. నాటకశాఖలో సంగీతాచార్యునికి గది, రంగశాలకు భవనము నిచ్చి, దుస్తులగది చూచువాని నియామకమును మఱచువారు ధాతుపాఠమును మఱచినట్లే.

‘బోధనేతర సిబ్బంది’ యను వ్యవహారము కచేరీలకుఁ దగినది. గణితశాఖలో గుమాస్తా బోధనేతరుఁడే. అతఁడు లేకున్నను సిద్ధాంతము సిద్ధాంతమే. నాటకశాఖలో నట్లు కాదు. దీపములు వేయువాఁడు నీలిరంగు గాజుపలక యెందుకు దించెనో విద్యార్థి యడిగినపుడు అతఁ డిచ్చు సమాధానమే ఆహార్యాభినయపాఠము. వేషకరుఁడు ముఖమునఁ బూత పూయుచు, పెట్రోమాక్సు వెలుతురున సరిపోయిన యెఱుపు విద్యుద్దీపముకడ నేల వికృతమగునో చెప్పినచో, ఆ పావుగంట తరగతిగదిలోని నాలుగు గంటలకు సమానము. యాస్కుఁడు ఆచార్యశబ్దమునకు నిర్వచనము మూఁడు విధములఁ జెప్పెను: ఆచారమును గ్రహింపఁజేయువాఁడు, అర్థములను గూర్చువాఁడు, బుద్ధిని గూర్చువాఁడు. వీనిలో మొదటిది నేపథ్యగృహమందలి వేషకరునకు అధ్యాపకునికంటెను జక్కఁగాఁ జెల్లును. అయినను జీతముల పట్టికలో నతఁడు అటెండరుతోడివాఁడు. అతఁడు విరమించిన పిదప ఖాళీ నింపుట యనావశ్యకవ్యయముగా లెక్కింపఁబడుట కలదు. ఆచార్యుని ఖాళీ కనఁబడును, వేషకరుని ఖాళీ కనఁబడదు. ప్రదర్శననాఁడు మాత్రము విద్యార్థు లద్దెసామానులవానికొఱకుఁ బరుగులిడుదురు. ఆ యద్దెసామానులవాఁడు తీర్థములకుఁ గిరీటములు తెచ్చువాఁడే. తీర్థమునఁ గొఱత యని చెప్పి విశ్వవిద్యాలయమునకుఁ బోయిన పిల్లవాఁడు అచ్చటను మరల నా పెట్టెకడకే వచ్చెను!

ఈ విద్య కుటుంబముననే పరంపరగా నిలిచిన చోటు తెలుగున సురభి. కడపమండలపు సురభి గ్రామమున 1885లో ‘కీచకవధ’ నాడిన వనారస కుటుంబమువారినుండి ఆ నాటకసమాజములు పెరిగినవి. వారిలో తెఱ వ్రాయువాఁడు, తీఁగలపై నటుని నెగిరించువాఁడు, మాయాసీను మార్చువాఁడు, పాత్రధారి వేఱువేఱు వర్గములు కారు. నేఁడు హనుమంతుఁడైనవాఁడు ఱేపు తాడు పట్టును. తండ్రి చేతినుండి కొడుకు చేతికి వచ్చు నీ విద్యలో నియమమున్నది, అర్థము నున్నది, గ్రంథమొకటియే లేదు. 1990ల దశకమున బి.వి. కారంతు సురభివారిచేత ‘భీష్మ’, ‘చండీప్రియ’, ‘బస్తీ దేవత యాదమ్మ’ నాటకములను బ్రదర్శింపఁజేసెను. ఢిల్లీ నాటకవిద్యాలయమున విద్యార్థిగాను, పిదప అధ్యక్షుఁడుగాను ఉండిన ప్రయోక్త పరంపరాకుటుంబమునకు వచ్చి నేర్పుచు నేర్చికొనుట యది. శైలాలినులకు వలసిన సూత్ర మొకటి, దానికి వలసిన చేయి మఱియొకటి కలిసిన సందర్భములు మనకు లెక్కకు మిక్కిలిగా లేవు.

ఆచార్యనియామకమునకు వత్తము. విశ్వవిద్యాలయ ధనసహాయసంఘము 2018లోఁ బ్రకటించిన నియమములలో సంగీతము, నృత్యము, నాటకము మున్నగు కళలకుఁ బ్రత్యేకవిధి యున్నది. స్నాతకోత్తరపట్టమును జాతీయార్హతపరీక్షయుఁ గలవారు ఒక తెరువున వత్తురు. సంప్రదాయకళాకారులును వృత్తికళాకారులును రెండవ తెరువున రావచ్చును. ఈ రెండవ తెరువున రెండు కళలకుఁ గల భేదము చూడఁదగినది. సంగీతనృత్యములకుఁ బ్రసిద్ధుఁడైన సంప్రదాయగురువునొద్ద నేర్చియుండుట యర్హతగాఁ జెప్పఁబడినది. ఆకాశవాణియందో దూరదర్శనమునందో ఉత్తమశ్రేణి యుండవలెను. దానికిఁ దోడు సామాన్యపట్టము చాలును. నాటకమునకు మాత్రము గురువు మాట లేదు. జాతీయనాటకవిద్యాలయమునందో, అట్టి యంగీకృతసంస్థయందో ప్రథమశ్రేణి పట్టమో డిప్లొమాయో యుండి, అయిదేండ్లు ప్రశస్తముగాఁ బ్రదర్శన లిచ్చియుండవలెను. కళ యేదైనను, విషయమును సహేతుకముగా వివరింపఁగల శక్తి యుండవలెనను నిబంధన రెంటికిని సమానము.

ఈ చివరి నిబంధన పతంజలి మాటకు నేఁటి యనువాదమువలె నున్నది. దానితో వైయాకరణునికిఁ బేచీ లేదు. పేచీ మొదటిదానితోనే. వీణ నేర్చినవానికి గురుపరంపర ప్రమాణమైనపుడు, ముప్పదియేండ్లు కృష్ణపాత్ర ధరించిన పద్యనాటకనటునికి అది యేల ప్రమాణము కాదు? వీణకు గురువుండును, నాటకమునకు కంట్రాక్టుదారుఁడే యుండునని తలఁచిరేమో. అది సత్యమునకుఁ గొంత దూరము. పద్యనాటకమునను ఒకరినొద్దఁ బాత్ర నేర్చుట, వారి ఫణితిని నిలుపుట, దానిని శిష్యునికిఁ జెప్పుట కలదు. దానికి శ్రేణి నిర్ణయించు సంస్థయే లేదు. నియమమును గల్పించువారు కల్పింపక, నియమము లేదని తలుపు మూయుట న్యాయము కాదు. అయినను ఎదుటిపక్షమునఁ గొంత బలమున్నది. పాడువాఁడెల్లఁ జెప్పఁజాలఁడు. ఒన్సుమోరు లెన్ని వచ్చినను, ఆ పద్యమున యతి యెచ్చట నున్నదని యడిగిన నవ్వి యూరకుండు నటులు గలరు. వారిని తరగతికిఁ బంపిన విద్యార్థులకు మరల షష్ఠియే ప్రాప్తించును.

ఈ సంకటమును కాళిదాసు ముందే చూచెను. మాళవికాగ్నిమిత్రమున గణదాసుఁడు, హరదత్తుఁడు అను నాట్యాచార్యు లిరువురు రాజు కొలువున జీతమునకున్నవారు. నేఁటి మాటలోఁ జెప్పిన, ఒకే శాఖయందలి యిద్దఱధ్యాపకులు. వారికిఁ గలహము వచ్చి, ఎవఁడధికుఁడో తేల్పుఁడని రాజునొద్దకు వత్తురు. రాజు నిర్ణయమును పరివ్రాజిక కౌశికికి విడుచును. ఒకనికి విద్య తనయందు బాగుగ నుండును, మఱియొకనికి దానిని శిష్యునకు సంక్రమింపఁజేయుటయందు నేర్పుండును, రెండును గలవాఁడే శిక్షకులలో ముందు నిలువఁదగినవాఁడని యామె యభిప్రాయము. అందుచేత గురువుల నాడింపక శిష్యురాలిని ఆడింపవలెనని తీర్పు. నియామకసంఘములు అభ్యర్థిచేత వ్యాసముల పట్టికను జదివింపక, అతని శిష్యు నొకని రంగమునఁ జూచినచో నెంత సులభముగాఁ దేలును! ఈ యుపాయము నాటకములోఁ బన్నినది విదూషకుఁడు. వాని యుద్దేశము వేఱు, మాళవికను రాజునకుఁ జూపుట. సంఘములందు నట్టి విదూషకు లుండరని కాదు, ఉపాయము మాత్రము దోషము లేనిది.

2022లో ధనసహాయసంఘము ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీసు’ అను క్రొత్తపదవిని గల్పించినది. తమ వృత్తియందుఁ బదునైదేండ్ల యనుభవము గలవారిని, పట్టముల నిర్బంధము లేకయే తీసికొనవచ్చును. మంజూరైన పదవులలోఁ బదింట నొకవంతునకు మించరాదు. మొత్తము నాలుగేండ్లకు మించి యుండరాదు. తలుపు తెఱచిరి, కాని కూర్చుండుటకుఁ బీట వేయలేదు. నాలుగేండ్లలో నొక శిష్యుఁడు రెండేండ్ల పాఠ్యక్రమము ముగించి, తరువాతివాఁడు ముగింపఁబోవునంతలో గురువు వెడలిపోవును. దీనికంటె హీనమైనది అతిథ్యధ్యాపకుని స్థితి. తిథి నియమము లేక వచ్చువాఁడు అతిథి యని పెద్దలు చెప్పుదురు. ఈ యతిథికి మాత్రము వెడలవలసిన తిథి నియామకపత్రముననే వ్రాయఁబడియుండును. నియమపూర్వకమైన గ్రహణమే యుపయోగమైనచో, ఏడాది కేడాది మాఱు గురువునొద్దఁ గలుగు గ్రహణమున కేమి పేరు పెట్టవలెనో పతంజలి చెప్పలేదు.

పరీక్షల విషయమునను భరతుని మాట యొకటి యుపయోగించును. ఇరువదియేడవ యధ్యాయమున, ప్రయోక్తలకు వివాదము వచ్చినపుడు నిర్ణయించు ప్రాశ్నికులను బదుగురను జెప్పెను. యాజ్ఞికుఁడు, నర్తకుఁడు, ఛందోవేత్త, శబ్దవేత్త, రాజు, ధనుర్వేత్త, చిత్రకారుఁడు, వేశ్య, గాంధర్వవేత్త, రాజసేవకుఁడు. యజ్ఞమున కొకఁడు, యుద్ధమున కొకఁడు, శృంగారమున కొకతె. ఎవరి విషయము వారు చూతురు. శబ్దదోషము పట్టుటకు వైయాకరణునికి నొకపీట వేసినందులకు భరతునికిఁ గృతజ్ఞులమై యుండవలెను. నేఁటి నాటకశాఖలలో వాచికాభినయపరీక్షకు వైయాకరణుఁడు పిలువఁబడుట యరుదు. పర్యవసానము వినవచ్చుచునే యున్నది. శకారషకారములు రెండు నొకటై, మహాప్రాణములు అల్పప్రాణములై, కృష్ణుఁడు రాయబారమునకుఁ బోయి సంధి చెడఁగొట్టి వచ్చుచున్నాఁడు. కోనసీమ పిల్లవానికి తన యూరి నుడికారముండుట దోషము కాదు; సాంఘికనాటకమున నది సొమ్ము. పద్యమున నది యెచ్చట విడువవలెనో చెప్పువాఁడు కావలెను. అది కంఠశిక్షకుని పనియా, వైయాకరణుని పనియా యని శాఖలు తేల్చుకొనలేదు. ఇరువురి పనియు నగును.

2006లో రాజమహేంద్రవరమున ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయము వెలసిన పిదప గోదావరిమండలముల కళాశాలలు దాని పరిధిలోనికి వచ్చినవి. గోదావరితీరమున నాటకశాఖ యొకటి పెట్టఁదలఁచువా రుండినచో, మొదట నింపవలసినవి ఆచార్యపదవులని తోఁచుట సహజము. భరతుని పట్టికను బట్టి చూచిన వరుస వేఱుగ నుండును. కఱ్ఱపని తెలిసిన కారుకుఁడు, కిరీటములును పూఁతలును దెలిసిన వేషకరుఁడు, తీర్థములలో ముదిసి పద్యమునకు రాగమును రాగమునకుఁ గారణమును జెప్పఁగల నటుఁ డొకఁడు, ఈ మువ్వురు స్థిరమైన జీతముతో నుండవలెను. వీరి పేర్లు శాఖాధ్యక్షుని పేరున్న పలకమీఁదనే, ఆచార్యుల పేర్ల నడుమనే వ్రాయవలెను. పట్టములు గల యధ్యాపకులు ప్రకటన యిచ్చిన నెలలో దొరకుదురు. ఈ మువ్వురకై అల్లవరము మొదలు సముద్రతీరపు గ్రామములలోఁ దీర్థములు జరుగు రోజులలోఁ దిరుగవలసియుండును. సుబ్రహ్మణ్యషష్ఠి మార్గశిరమున వచ్చును, కావున దరఖాస్తుల గడువు దానికిఁ దరువాత నుండుట మేలు.